ఓవెన్ లేకుండా హెల్దీ కుకీలు, ఉండలు: వైజాగ్ ఉక్కపోతలో కూడా విడిపోకుండా నిలబడేలా

యూట్యూబ్‌లో నో-బేక్ కుకీల వీడియోలు చూస్తే భలే ఈజీగా ఉంటాయి, ఓట్స్‌లో కొబ్బరి నూనె, తేనె కలిపేసి ఫ్రిజ్‌లో పెట్టేసి గంటకి తీసి టకటకా ముక్కలు కోసేస్తారు. అవే మన ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో చేసి టేబుల్ మీద పెడితే వచ్చిన చుట్టాలు కాఫీ తాగడం అయ్యేలోపు మెత్తబడి ప్లేటుకి అతుక్కుపోతాయి. ఎందుకంటే కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన వంటింట్లో చలికాలం తెల్లారుజామున తప్ప 24 డిగ్రీలు ఎక్కడుంటాయండీ? పైగా సముద్రపు గాలి. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి చెమ్మ పట్టే ఊరు మనది, ఇంక బెల్లం, తేనె సంగతి చెప్పక్కర్లేదు.

అందుకని ఇక్కడ నో-బేక్ స్నాక్స్ చెయ్యాలంటే చూసుకోవాల్సినవి రెండే. ఒకటి, పిండీ పప్పుల్లో ఉన్న తడి మొత్తం వేయించి పంపించెయ్యాలి, ఎందుకంటే తర్వాత ఓవెన్‌లో ఆరే ఛాన్స్ లేదు. రెండు, ముక్కల్ని పట్టి ఉంచేది మన ఎండకి కరగనిదై ఉండాలి. ఈ రెండూ కుదిరితే మిగతాది మీ ఇష్టం, డబ్బాలో ఏముంటే అది వేసుకోవచ్చు. అసలు సున్నుండలు, చిమ్మిలి, మరమరాల ఉండలు ఇవన్నీ నో-బేకే కదా, మనవాళ్ళు ఎప్పటినుంచో ఈ వాతావరణంలోనే చేసి డబ్బాలకి డబ్బాలు దాచుకున్నవే.

ముందు ముక్కల్ని పట్టి ఉంచేది ఏంటో డిసైడ్ అవ్వండి

మన దగ్గర పనికొచ్చేవి నాలుగు. గింజల్లో ఉన్న నూనె మొదటిది, అంటే వేరుశనగ గుళ్ళు గానీ నువ్వులు గానీ వేయించి మిక్సీలో తిప్పుతుంటే నూనె ఊరి ముద్దకట్టడం మొదలవుద్ది చూశారా, అది. నా లెక్కలో వైజాగ్‌కి ఇదే బెస్ట్, ఇందులో నీళ్ళుండవు కాబట్టి పాడయ్యే భయం తక్కువ. రెండోది ఖర్జూరం, ముద్దచేస్తే దానంతటదే జిగురు, వేరే తీపి అక్కర్లేదు. మూడోది బెల్లం పాకం, గట్టిగా నిలబడుద్ది గానీ పాకం చూడ్డం రావాలి, ముసురు పట్టిన రోజు మొండికేస్తుంది. నాలుగోది నెయ్యి, ఇది పట్టి ఉంచుతుంది గానీ మే నెలలో వంటిల్లు 35 డిగ్రీలు దాటితే నెయ్యి కూడా కరిగిపోయేదే, కాబట్టి ఒక్క నెయ్యి మీదే ఆధారపడకుండా పల్లీలకో బెల్లానికో తోడు వాడుకోండి.

తేనె సంగతి ఏంటంటే, రుచికి ఓకే గానీ మన గాలిలో తేనె వేసిన బార్లు పైన జిగురుజిగురుగా అయిపోతాయి. వెయ్యాలనిపిస్తే ఒకట్రెండు చెంచాలు చాలు. జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థ వాళ్ళ గిరిజన్ తేనె మనకి ఇక్కడే దొరుకుతుంది, 1956లో పెట్టిన ఆ సంస్థ హెడ్డాఫీసు ఉన్నది మన ఊళ్ళోనే. ఏడాది నిండని పిల్లలకి మాత్రం తేనె ఏ రూపంలోనూ వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

సరుకులు కొనేటప్పుడు

వేరుశనగ గుళ్ళు రైతు బజార్లో అయినా పూర్ణా మార్కెట్‌లో అయినా చేత్తో తీసి చూసి కొనండి. ముడతలు పడినవి, నల్లమచ్చలు ఉన్నవి, బూజు వాసన వచ్చేవి వద్దంటే వద్దు, బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుద్ది, ఇంట్లో ఎంత వేయించినా అది పోదు. నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే తెలిసిపోతుంది, చేదుంటే ఆ కొట్టు వదిలేయండి.

బెల్లానికి మనకి వెతుక్కోవాల్సిన పనే లేదు, అనకాపల్లి పక్కనే ఉంది. అయితే పసుప్పచ్చగా, తెల్లగా మెరిసిపోయే బెల్లం చూసి ముచ్చటపడకండి, రంగు రావడానికి హైడ్రోస్ అనే కెమికల్ వాడడం ఉంది, కాస్త ముదురు గోధుమ రంగులో ఉన్నదే తీసుకోండి. ఈ వంటలకి గట్టి బెల్లం కావాలి, గోరుతో నొక్కితే దిగిపోయే మెత్త బెల్లంలో తడి ఎక్కువ, అది పాయసానికి ఉంచుకోండి. వానాకాలంలో దిమ్మ కొంటే తెచ్చిన రోజే తురిమేసి గాలి చొరని డబ్బాలో పెట్టేసుకోవడం బెటర్, లేదంటే చివరికి చెంచాతో తోడుకోవాల్సి వస్తుంది.

చోళ్ళు, అదే రాగులు, పాడేరు అరకు వైపు బాగా పండేవే. మన అమ్మమ్మలు చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళిన ప్రాంతం ఇది, 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నాక అదే చోడిపిండి సూపర్ మార్కెట్లో రంగు ప్యాకెట్లోకి ఎక్కి రేటు పెరిగింది. వీలైతే గింజలు కొని కడిగి బాగా ఎండబెట్టి మిల్లులో ఆడించుకోండి. కాల్షియం 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైమాటే, పాలకంటే దాదాపు మూడు రెట్లు. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. చియా సీడ్స్ అని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందు ఇంట్లో నువ్వుల డబ్బా ఉందో లేదో చూసుకోమనేది అందుకే. జీడిపప్పు పలాసది గుళ్ళు కొనక్కర్లేదు, ఎలాగూ పొడి చేస్తాం కాబట్టి ముక్కలు కొంటే బోలెడు డబ్బులు మిగులుతాయి.

వేయించడం దగ్గర తొందర పనికిరాదు

ఇదే అసలు పని. అడుగు మందంగా ఉన్న మూకుడు పెట్టి, సన్న సెగ మీద, ఒక్కోటీ విడివిడిగా వేయించాలి, అన్నీ కలిపి పోసేస్తే నువ్వులు మాడిపోయే టైముకి పల్లీలు ఇంకా పచ్చిగానే ఉంటాయి. ముందు పల్లీలు, 10 నుంచి 12 నిమిషాలు, పొట్టు చిట్లి చేత్తో నలిపితే ఊడి వచ్చేదాకా. తర్వాత బాదం, జీడిపప్పు, గుమ్మడి గింజలు తలో కాసేపు. నువ్వులు చివర్లో, అవి చిటపటమన్నాక ఇంకో అర నిమిషం అంతే, వెంటనే పళ్ళెంలోకి వంచేయండి, మూకుడులో వదిలేస్తే ఆ వేడికే మాడి చేదొస్తాయి.

పిండి అయితే కచ్చితంగా వేయించాలి. చోడిపిండి, గోధుమపిండి, శనగపిండి ఏదైనా సరే. పచ్చి పిండిలో మనిషికి జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, బేక్ చేసే కుకీల్లో అయితే ఓవెన్ వేడికి అది పోతుంది, మనకి ఓవెన్ లేదు కాబట్టి ఆ పని మూకుడే చెయ్యాలి. చోడిపిండి ముందే ముదురు రంగులో ఉంటుంది, రంగు చూసి వేగిందో లేదో చెప్పలేం. పచ్చి వాసన పోయి కమ్మటి వాసన రావాలి, గరిటెకి బరువుగా తగిలేది తేలికగా కదలాలి, అది గుర్తు. ఓట్స్ ఫ్యాక్టరీలో ముందే ఆవిరి పట్టి వస్తాయి, అయినా ఓ 6, 7 నిమిషాలు వేయిస్తే కరకరలాడతాయి, ఆ గమ్‌లాంటి రుచి కూడా పోతుంది. అటుకులు, మరమరాలు ఎంత ఫ్రెష్ ప్యాకెట్ అయినా 3, 4 నిమిషాలు వేడి చూపించాలి.

వేయించినవి చల్లారాక వెంటనే వాడండి, లేదంటే మూత పెట్టేయండి. రాత్రి వేయించి ఫ్యాన్ కింద వదిలేసి పొద్దున్న కలుపుదాం అనుకుంటే, ముఖ్యంగా బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్ళలో, పంపిన తడంతా తిరిగొచ్చేస్తుంది.

చోడిపిండి పల్లీ కుకీలు

మొదటిసారి చేసేవాళ్ళు దీంతో మొదలుపెట్టండి, పాకం లేదు, నీళ్ళు లేవు. చోడిపిండి ఒక కప్పు, అంటే సుమారు 120 గ్రాములు. వేరుశనగ గుళ్ళు ముప్పావు కప్పు, తురిమిన బెల్లం అర కప్పు అంటే 85 గ్రాముల దాకా, నెయ్యి 3 పెద్ద చెంచాలు, నువ్వులు 2 పెద్ద చెంచాలు, ఏలకులు ఓ నాలుగు, ఉప్పు చిటికెడు. ఉప్పు మానకండి, అది పడితేనే తక్కువ బెల్లంతో కూడా తీపి తెలుస్తుంది.

ముందు ఒక చెంచా నెయ్యి వేసి చోడిపిండి సన్న సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు కలుపుతూ వేయించి పక్కన పెట్టండి. పల్లీలు వేయించి పొట్టు తీసి పూర్తిగా చల్లారనిచ్చి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, పొడి అయ్యాక ఇంకా రెండు మూడుసార్లు తిప్పితే జార్ అంచులకి అంటుకోవడం మొదలవుద్ది, నూనె వస్తోందని అర్థం, అక్కడ బెల్లం తురుము, ఏలకులు, ఉప్పు వేసి ఇంకొక్కసారి తిప్పండి. ఇది పిండిలో కలిపి, నువ్వులు వేసి, మిగిలిన నెయ్యి గోరువెచ్చగా చేసి కొంచెం కొంచెంగా పోస్తూ చేత్తో బాగా నలపాలి. పిడికిలి పట్టి చూస్తే ఆర్కే బీచ్‌లో తడి ఇసుకలాగా వేళ్ళ గుర్తులతో నిలబడాలి. నిలబడకపోతే ఇంకో చెంచా నెయ్యి, లేదా ఇంకో గుప్పెడు పల్లీలు మిక్సీ పట్టి కలపండి. పాలు మాత్రం చల్లకండి, పాలు చల్లితే ఉండ భలే కుదురుద్ది గానీ ఫ్రిజ్‌లో పెట్టకపోతే మర్నాటికే అనుమానం.

చిన్న నిమ్మకాయంత తీసుకుని ఉండచేసి అరచేతుల మధ్య నొక్కి, పైన ఫోర్క్‌తో గీతలు పెడితే అచ్చం బేకరీ కుకీలా కనిపిస్తాయి, పిల్లలు ఉండలంటే మొహం తిప్పేసినా కుకీ అంటే తింటారు. పళ్ళెంలో పరిచి ఫ్రిజ్‌లో అరగంట ఉంచితే గట్టిపడతాయి. ఈ కొలతకి 18 దాకా వస్తాయి, ఒక్కోదాంట్లో బెల్లం 5 గ్రాముల లోపే.

ఖర్జూరం బార్లు

ఇవి బయట 40, 50 రూపాయలకి ఒక్కటి అమ్మే ఎనర్జీ బార్లకి ఇంటి వెర్షన్. గింజ తీసిన మెత్త ఖర్జూరం 200 గ్రాములు, బాదం 50, జీడిపప్పు ముక్కలు 50, పుట్నాలపప్పు 50 గ్రాములు, గుమ్మడి గింజలు రెండు చెంచాలు. ఖర్జూరంలో గింజ ఎక్కడైనా మిగిలిందేమో ఒక్కోటీ విప్పి చూడండి, పురుగు కూడా అప్పుడే కనపడుద్ది. ఎండు ఖర్జూరం అయితే దీనికి పనికిరాదు.

మూకుడులో చెంచా నెయ్యి వేసి ఖర్జూరం 3, 4 నిమిషాలు సన్న సెగ మీద మెదిపితే ముద్ద అవుతుంది. నానబెట్టి రుబ్బమని కొన్ని వీడియోల్లో చెప్తారు, మన దగ్గర ఆ నీళ్ళే బూజుకి దారి. వేయించిన పప్పులు బరకగా దంచి, పుట్నాలు మాత్రం మెత్తగా పొడిచేసి (ఖర్జూరంలో మిగిలిన తడిని లాక్కునేది ఇదే) అన్నీ ఆ వేడి ముద్దలోనే కలిపెయ్యాలి, చల్లారితే కలవదు. నెయ్యి రాసిన పళ్ళెంలో గానీ బటర్ పేపర్ మీద గానీ వేసి గిన్నె అడుగుతో గట్టిగా అదమండి, ఎంత గట్టిగా అదిమితే ముక్కలు అంత శుభ్రంగా వస్తాయి. గంట ఫ్రిజ్‌లో ఉంచి కోస్తే 16 ముక్కలు. ఒక్కోటీ విడిగా బటర్ పేపర్‌లో చుట్టుకోవాలి, అంటుకుంటాయి.

చక్కెర వెయ్యలేదు కదా అని షుగర్ ఉన్నవాళ్ళు నాలుగు లాగించేస్తుంటారు, ఆ పని చెయ్యకండి. ఖర్జూరం బరువులో సగం పైన చక్కెరే. పీచు, ఖనిజాలు కూడా ఉన్నాయి కాబట్టి బిస్కెట్ కంటే నయం, అంతవరకే.

కాఫీ ఓట్స్ కుకీలు

అమెరికా వాళ్ళ నో-బేక్ కుకీ అంటే ఇదే పద్ధతి: చక్కెర, పాలు, వెన్న, కోకో మరిగించి అందులో ఓట్స్, పీనట్ బటర్ కలిపి చెంచాలతో పేపర్ మీద వేస్తారు. మనం చక్కెర బదులు బెల్లం వేస్తే ఓ చిక్కుంది, మరుగుతుండగా బెల్లంలో పాలు విరిగిపోవచ్చు. అందుకే పాలు తీసేసి చిక్కటి కాఫీ డికాషన్ పోస్తే విరిగే గొడవే లేదు, కోకోకి కాఫీ జత బాగా కుదురుద్ది కూడా. అరకు కాఫీ పొడితో తీసిన ఫస్ట్ డికాషన్ అయితే మరీ బాగుంటుంది, అరకు అరబికాకి 2019లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. ఫిల్టర్ కాఫీ పొడి నేరుగా మాత్రం కలపకండి, అది కరగదు, పంటికింద నూకల్లా తగులుద్ది.

డికాషన్ పావు కప్పు, బెల్లం తురుము ముప్పావు కప్పు కలిపి వేడిచేసి కరగ్గానే వడకట్టండి, మట్టీ పిప్పీ పోతాయి. తిరిగి పొయ్యి మీద పెట్టి కోకో రెండు చెంచాలు, నెయ్యి రెండు చెంచాలు వేసి మరగనివ్వండి. ఎప్పుడు ఆపాలో చెప్పేది గడియారం కాదు, పక్కన గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి చూడాలి. నీళ్ళలో కరిగి పాకిపోతే ఇంకా లేత, వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అయితే సరిపోయింది, థర్మామీటర్ ఉన్నవాళ్ళకి 112 నుంచి 116 డిగ్రీల మధ్య. ముసురు రోజు అయితే ఉండ కొంచెం గట్టిగా అయ్యేదాకా ఉంచండి, ఎందుకంటే చల్లారేటప్పుడు గాలిలో తేమ పాకంలోకి ఎక్కుతుంది. టంగుమని మోగే పాకం మాత్రం వద్దు, అది చిక్కీకి, దీనికి వస్తే పళ్ళు కదుల్తాయి.

పొయ్యి ఆపి, ఉప్పు చిటికెడు, తీపి కలపని పల్లీ పేస్ట్ అర కప్పు వేసి కలిపి, వేయించిన ఓట్స్ ఒకటిన్నర కప్పు వేసి గబగబా తిప్పండి. ఓట్స్, పళ్ళెం, చెంచాలు అన్నీ ముందే రెడీగా పెట్టుకోవాలి, ఫోన్ మోగినా ఎత్తకండి, రెండు నిమిషాల్లో గట్టిపడిపోద్ది. పొడిపొడి అయిపోతే మూకుడుని సన్న సెగ మీద అర నిమిషం పెడితే మళ్ళీ లొంగుతుంది. చెంచాతో తీసి నెయ్యి రాసిన పళ్ళెంలో వేసి కాస్త అదిమితే అరగంటలో సెట్ అవుతాయి, 20 దాకా వస్తాయి. కాఫీ ఉంది కాబట్టి ఇవి పెద్దవాళ్ళకి. పిల్లలకైతే డికాషన్ బదులు మామూలు నీళ్ళు పోసుకోండి.

పొయ్యే లేని వాళ్ళకి

ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లోనో పీజీలోనో ఉన్న పిల్లలకి మిక్సీ ఒక్కటి ఉంటే చాలు. పుట్నాలపప్పు ముందే వేగి వచ్చేది కాబట్టి ఒక కప్పు పుట్నాలు మెత్తగా పొడిచేసి, అర కప్పు బెల్లం తురుము కలిపి తిప్పి, నెయ్యి మూడు నాలుగు చెంచాలతో ఉండలు కట్టుకోవడమే, పది నిమిషాల పని, పప్పు కాబట్టి ప్రొటీన్ కూడా బాగానే అందుతుంది. ప్రొటీన్ పౌడర్ కలపాలా అని అడుగుతారు చాలామంది, ఆ డబ్బుతో ఇంకో కేజీ పుట్నాలు కొనుక్కోండి. చిమ్మిలి అయితే ఇంట్లో వేయించిన నువ్వులు ఒక కప్పు పట్టుకెళ్తే అక్కడ ముప్పావు కప్పు బెల్లంతో మిక్సీలో ఆపి ఆపి తిప్పుకోవచ్చు. ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి నూనె ఎక్కువ దిగిపోయి ముద్ద జారిపోతుంది.

దాచుకోవడం, పిల్లలకి పెట్టడం

స్టీలు డబ్బా గానీ గాజు సీసా గానీ, పొడిగా తుడిచి, వీలైతే కాసేపు ఎండలో పెట్టి వాడండి. నీళ్ళు తగలని చోడి కుకీలు, పుట్నాల ఉండలు, చిమ్మిలి బయట రెండు వారాలు హాయిగా ఉంటాయి. ఖర్జూరం బార్లు, కాఫీ ఓట్స్ కుకీలు ఉక్క ఎక్కువున్న నెలల్లో ఫ్రిజ్‌లోనే ఉంచండి. పచ్చికొబ్బరి వేసింది ఏదైనా ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో తినేయాలి, కొబ్బరి రుచి కావాలంటే ఎండుకొబ్బరి తురిమి వేయించి వేసుకోండి.

ఫ్రిజ్ నుంచి తీసినప్పుడు వెంటనే మూత తియ్యొద్దు. మన గాలిలో చల్లటి కుకీ బయటపడగానే దాని మీద సన్నగా నీళ్ళు పట్టేస్తాయి, మళ్ళీ మూతపెట్టి లోపల పెడితే నాలుగైదు సార్లు అయ్యేసరికి తెల్లటి బూజు. మూతతోనే పావుగంట బయట ఉంచి అప్పుడు తెరవండి, లేదా రోజుకి కావాల్సినన్ని చిన్న డబ్బాలోకి తీసుకోండి.

ఎన్ని తినాలంటే, బెల్లమైనా తేనె అయినా ఒంట్లోకి వెళ్ళాక చక్కెర లెక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన దాని ప్రకారం రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ఇలా విడిగా కలిపే చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది. అందులో కాఫీ, టీల్లో వేసుకునేది కూడా కలిసే ఉంటుంది. చోడి కుకీలు రెండు తింటే ఇబ్బంది లేదు, డబ్బా పక్కన పెట్టుకుని క్రికెట్ చూస్తే మాత్రం లెక్క తప్పుద్ది.

ఐదేళ్ళ లోపు పిల్లలకి పప్పులు గింజలు ముక్కలుగా ఉన్నవి పెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి, మెత్తగా పొడి చేసినవే పెట్టాలి. స్కూల్ బాక్సులో పెట్టేటప్పుడు పక్క పిల్లలతో పంచుకుంటారు కాబట్టి ఇందులో పల్లీలు, నువ్వులు, జీడిపప్పు ఉన్నాయని టీచర్‌కి ఒక మాట చెప్పి ఉంచండి, కొందరు పిల్లలకి అవి అస్సలు పడవు. మధ్యాహ్నం దాకా బ్యాగులో ఉండే డబ్బాకి చోడి కుకీలే పెట్టండి, ఖర్జూరం బార్ ఆ ఉక్కకి మెత్తబడి పుస్తకాలకి అంటుతుంది.